శుక్రవారం గోళ్ళు

"ఈ గోళ్ళు ఇలా పోతా పోతా రేపు వేళ్ళే పోతే ఏం చేస్తాం బావా?"

నూకరత్నం ఆ మాట అనేసరికి చక్రరావు ఇంకా చొక్కా అయినా విప్పలేదు. సామర్లకోట జంక్షన్లో పాయింట్స్‌మన్ అతను. రాత్రంతా పట్టాల మధ్య తిరిగి, తెల్లారి ఇంటికొచ్చి కాఫీ గ్లాసు అందుకునేలోగా పెళ్ళాం దగ్గర ఒక భయం తయారుగా ఉంటుంది. కాఫీలో పంచదార ఎంత తప్పనిసరో అదీ అంతే.

"వేళ్ళెక్కడికి పోతాయే, రైళ్ళు పోతాయి గానీ" అన్నాడు.

"నీకన్నీ వేళాకోళమే. నిన్న దాని బొటనవేలు చూశాను. గోరు మధ్యకి చీలింది. ఆ చీలిక లోపలికి దిగి, ఎముకకి పట్టి, అక్కణ్ణించి గుండెకి..."

"అమ్మా, నేనిక్కడే ఉన్నాను" అంది అద్దం ముందు జడ వేసుకుంటున్న లోవశ్రీ. "అది గుండెకి పట్టేదాకా కాలేజీ బస్సు ఆగదు. టిఫిన్ పెట్టు."

పదహారేళ్ళ పిల్ల. రెండేళ్ళ కిందట కుడిచేతి చూపుడువేలి గోరు మీద మెరుపు పోయింది. సబ్బు పడలేదేమో అనుకున్నారు. తర్వాత పక్క వేలు, ఆ పక్క వేలు. ఏడాది తిరిగేసరికి చేతులవీ కాళ్ళవీ ఇరవై గోళ్ళూ ఉప్పుకాగితంతో రుద్దినట్టు అయిపోయాయి. నిలువునా గీతలు, చివర్లు పొరలు పొరలుగా లేచి, గట్టిగా ఏదైనా పట్టుకుంటే అప్పడంలా విరగడం.

నూకరత్నం ఇంట్లోనే చీరలకి ఫాల్స్ కుడుతుంది. ఒకసారి కుట్టిన కంచిపట్టు చీర మడత పెట్టబోతే లోవ గోరు తగులుకుని పోగు లేచింది. చీర తాలూకు ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని వెలుగులో తిప్పి చూసి, "ఇదేంటమ్మా, అంటుకునేదా?" అంది. ఆ రోజు నించి లోవ తల్లి కుట్టే చీరల జోలికి రాలేదు. బయటికి వెడితే చున్నీ కింద చేతులు.

నూకరత్నానికి ఏ రోగమైనా మొదలవడమే ఆఖరి దశలో మొదలవుతుంది. పిల్ల తుమ్మితే ఊపిరితిత్తులు, బస్సు ఆలస్యమైతే కాలవలో బోల్తా. ఇక ఇరవై గోళ్ళు కళ్ళముందు పాడవుతుంటే ఊరుకుంటుందా? కొబ్బరినూనె రాసింది, నిమ్మచెక్క రుద్దింది, వెల్లుల్లి నూరి కట్టింది. పిల్ల నిద్రపోయాక కాళ్ళు తోముకునే రాయి తెచ్చి గీకి నునుపు చెయ్యబోయింది. లోవ ఉలిక్కిపడి లేచి, "నన్ను బతకనివ్వవా అమ్మా" అని ఏడ్చింది.

"చిన్నప్పుడు ఇలా ఉండేదానివి కాదు కదే రత్నం" అంటాడు చక్రరావు. మేనత్త కూతురు కాబట్టి అతనికి తెలుసు. "లాకుల గోడెక్కి కాలవలోకి దూకేదానివి. పెళ్ళినాటిక్కూడా బానే ఉన్నావు. ఇది కడుపులో పడ్డదగ్గర్నించీ పట్టుకుంది నీకు."

అది నిజమే. మూడోనెలలో ఒకనాటి పొద్దున్న లేచేసరికి లోపల ఎవరో మెల్లగా తలుపు తడుతున్నట్టు ఉంది. ఆ తట్టడం మళ్ళీ ఆగలేదు.

*

కాకినాడలో ఒక పరిశోధనాలయం ఉంది. దాని ముందు భాగం చర్మవ్యాధుల ఆసుపత్రి. అక్కడి డాక్టరు కాశీఅన్నపూర్ణ గారు లోవ గోటిపొడి గీకి బూజు ఉందేమో చూశారు. లేదు. రక్తంలో ఇనుము చూశారు, థైరాయిడ్ చూశారు. బావున్నాయి. నోరు తెరిపించి, జుట్టు పాయలు తీసి, మోచేతులు తిప్పి, ఇంకెక్కడైనా మచ్చలున్నాయేమో వెతికారు. ఏమీ లేవు.

"ఇది గోళ్ళకి మాత్రమే వచ్చే గరుకు జబ్బండి" అన్నారు. "ఒంట్లో కాపలా కాసే కణాలు దారితప్పి, గోటి మొదలుని శత్రువనుకుని దాని మీద పడుతున్నాయి. ప్రాణానికేం కాదు, వేళ్ళకేం కాదు. ఈ వయసు పిల్లల్లో చాలామందికి కొన్నేళ్ళకి దానంతటదే సర్దుకుంటుంది. గోళ్ళు పొట్టిగా కత్తిరించి వాసెలిన్ రాస్తుండండి. సబ్బునీళ్ళలో నాననివ్వకండి. అంతే."

"అంతేనా అండీ?"

"అంతే. ఇవిగో, ఈ నిలువు గీతలు జబ్బువి. ఈ అడ్డగాట్లు మాత్రం మీవి. దేంతో గీకారో గానీ, అది పారెయ్యండి."

లోవ పక్కకి తిరిగి నవ్వింది. నూకరత్నం సిగ్గుపడింది గానీ ఊరుకోలేదు. "గోళ్ళు తియ్యడమంటే, మంగళవారం, శుక్రవారం పనికిరాదండి. అమావాస్య కూడదు. దీపాలు పెట్టాక అసలే కూడదు. మొన్నోసారి ఇది శుక్రవారం పూట గుమ్మంలో కూచుని కత్తిరిస్తే లక్ష్మి వెళ్ళిపోద్దని ఎంత గోల పెట్టానో."

"లక్ష్మికి నా గోళ్ళ మీదే పని మరి" అని గొణిగింది లోవ.

"మిగతా రోజుల్లోనే తియ్యండి" అన్నారు డాక్టరుగారు నవ్వి.

ఇంకొకరైతే గుండె మీద చెయ్యేసుకుని ఇంటికెళ్ళేవారు. నూకరత్నం మళ్ళీ వారం వచ్చింది. ఆ పై వారం వచ్చింది. కొన్నేళ్ళంటే ఎన్నేళ్ళు? తగ్గకపోతే? తగ్గేలోపు ఇంకోటి వస్తే? వెనక భవనంలో తల్లీపిల్లలకి ఏదో కొత్త వైద్యం చేస్తున్నారని ఓ నర్సు నోరుజారితే, ఇక డాక్టరుగారి కాళ్ళు ఒదల్లేదు.

"అది ఇంకా ప్రయోగమేనండి. మీ అమ్మాయికి అవసరం లేదు."

"మీకు లేదేమోనండి. ఎదురుచూడ్డం నావల్ల కాదు."

డాక్టరుగారికీ ఆ ప్రయోగానికి తల్లీపిల్లలు కావాలి. చివరికి, "సరే, ఒక చుక్క రక్తం ఇవ్వండి" అన్నారు.

వెనక గదిలో తెర మీద నూకరత్నం రక్తం నల్లటి ఆకాశంలా పరుచుకుంది. డాక్టరుగారు ఏదో మీట నొక్కారు. ఆ నలుపులో ఒక్కటి, దూరంగా ఇంకొకటి, పచ్చగా వెలిగాయి.

"ఇవేంటండీ? పురుగులా?" అంది నూకరత్నం.

"ఇవి మీవి కావు. లోవశ్రీవి. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలోకి వచ్చేస్తాయి. కాన్పు అయినా వెళ్ళవు. గుండెలో, ఎముకల్లో, మెదడులో సర్దుకుంటాయి. ఇవి లోవ పుట్టకముందటివి కాబట్టి ఆ పాడు శత్రుత్వం వీటికి తెలీదు. వీటిని పిలిచి, వడగట్టి, లోవ గోటి మొదళ్ళలో వేస్తే, దారితప్పినవాటికి బుద్ధి చెబుతాయి."

"ఇన్నాళ్ళూ నా ఒంట్లో ఇవేం చేస్తున్నాయండి మరి?"

"ఏం చెయ్యవు. అద్దె కట్టకుండా కాపురం ఉంటున్నాయి, అంతే."

నూకరత్నం తెర దగ్గరికి వెళ్ళి ఆ పచ్చ చుక్కని వేలితో తాకింది. లోవ గుమ్మంలో నిలబడి, "ఏంటమ్మా, నన్నిప్పటికీ మోస్తున్నావా?" అంది. వెక్కిరింపుగానే అంది గానీ, ఆ రోజు రైల్లో తల్లి భుజం మీద తల పెట్టుకుంది.

*

అది ఆషాఢం. వైద్యానికి ముందురోజు నూకరత్నం గోరింటాకు నూరి పిల్లకి పెట్టింది. ఎర్రగా పండితే గరుకు కనపడదని ఆవిడ ఆశ. ఆ గరుకు గోళ్ళు రంగుని మామూలు గోళ్ళకంటే ఎక్కువ తాగి నల్లెరుపుగా పండాయి.

మర్నాడు పొద్దున్న నూకరత్నానికి సూది వేశారు. ఒంట్లో ఎక్కడెక్కడో దాక్కున్న ఆ కణాలని రక్తంలోకి రప్పించే సూది. తర్వాత ఆ పూటంతా మంచం పక్కన యంత్రంలోంచి ఆమె రక్తం ఒక గొట్టంలో వెళ్ళి ఇంకో గొట్టంలో వస్తూనే ఉంది. మధ్యలో ఉన్న జల్లెడకి లోవవి మాత్రం అంటుకుంటాయి.

మొదట్లో ఆమె మామూలుగానే ఉంది. "లోవా, నీళ్ళు తాగావా? ఆ వైరు దగ్గర నిలబడకు. బావా, దాన్ని ఆ కిటికీ దగ్గర్నించి ఇవతలికి రమ్మను." కాసేపటికి మాటల మధ్య ఎడం పెరిగింది. సాయంత్రానికి ఊరుకుంది.

తిరుగు రైల్లో లోవ పదివేళ్ళకీ కట్లతో తలుపు దగ్గర గాలికి నిలబడింది. చక్రరావు పెళ్ళాం కేకలేస్తుందని చూశాడు. నూకరత్నం కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. లోవ కడుపున పడ్డాక ఆమె రైల్లో కునుకు తీయడం అతను చూడ్డం అదే మొదలు.

*

ఇల్లు నెమ్మదించింది. చక్రరావు డ్యూటీ దిగొచ్చి కాఫీ తాగితే అది ఉత్త కాఫీయే. "దేవుడు చల్లగా చూశాడే" అన్నాడు మొదటివారం. మూడోవారానికి గ్లాసు పట్టుకుని వంటింట్లోకి తొంగిచూసి, "ఏంటి, ఇవాళేం భయాల్లేవా?" అన్నాడు. "లేవు బావా" అంది.

నూకరత్నానికి బాధేం లేదు. కంటినిండా నిద్ర. కుట్టు వంకర పోవడం లేదు. ఐతే ఒంటరిగా ఉంది. ఇంట్లో మనుషులు లేనప్పటి ఒంటరితనం కాదది. ఇదివరకు బజారులో వంకాయలు ఏరుతున్నా, "దీనికి దురద పెడుతుంది, దొండకాయ తీసుకుందాం" అని లోపల ఎవరితోనో మాట్లాడుతుండేది. ఇప్పుడు బేరమాడుతుంది, తూయించుకుంటుంది, సంచిలో వేసుకుంటుంది. లోపలి నించి ఎవరూ అడ్డం చెప్పరు. ఓ మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కిస్తూ ఆగిపోయి చెవులు రిక్కించింది. దేనికోసం వింటోందో తెలియలేదు. చాలాసేపయ్యాక అర్థమైంది. ఆ తలుపు తట్టడం ఆగిపోయింది.

లోవ గోళ్ళు మొదళ్ళ దగ్గర మారాయి. ముందు సన్నటి అర్ధచంద్రంలా, గాజుపూసలా నున్నటి గోరు. దాని పైన గోరింటాకు పండిన పాత గరుకు. రెండో నెలకల్లా ఆ ఎర్రటి గీత గోటి మధ్యకి జరిగింది. కింద కొత్తది, పైన పాతది. పొరలు లేచిన చివర్లు లోవ ఎప్పటికప్పుడు కత్తిరించేస్తోంది.

ఒకరోజు లోవ కుట్టు మిషన్ దగ్గరికి వచ్చి, బల్ల మీదున్న పట్టుచీర మీద చెయ్యి వేసింది. మెల్లగా, తర్వాత గబగబా, అంచు నించి పైట దాకా చెయ్యి జార్చింది. ఒక్క పోగు లేవలేదు.

"అమ్మా! తగులుకోలేదు! చూడు, తగులుకోలేదు!"

"బావుందే" అంది నూకరత్నం, కుట్టు మీంచి తలెత్తి.

లోవ చెయ్యి చీర మీదే ఉంచి నిలబడింది. ఇంకేదో వస్తుందనుకుంది. దిష్టి తగులుతుందనో, ఎవరికీ చూపించకనో, ఆ చెయ్యి కళ్ళకద్దుకోవడమో. మిషన్ మళ్ళీ తిరగడం మొదలైంది.

ఆ తర్వాత భాద్రపదంలో జడివాన. పెద్దాపురం దారిలో కాలేజీ బస్సు చెడిపోయింది. పిల్లలు నడిచారు. లోవ ఫోను తడిసి ఆగిపోయింది. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది, చెప్పు ఒకటి లేదు, మోకాలు చెక్కుకుపోయింది. దారిపొడుగునా అమ్మ వీధిలో నిలబడి ఉంటుందనీ, పోలీసులకి చెప్పేసి ఉంటుందనీ, నాన్నని స్టేషన్నించి రప్పించేసి ఉంటుందనీ అనుకుంటూ వచ్చింది.

వీధి ఖాళీగా ఉంది. నూకరత్నం దీపం కింద కూర్చుని హెమ్మింగ్ చేస్తోంది.

"వచ్చావా" అంది. "అన్నం గిన్నెలో ఉంది."

లోవ గచ్చు మీద నీళ్ళు కారుతూ నిలబడింది. "ఎందుకాలస్యమైందో అడగవా?"

నూకరత్నం ఆలోచించింది. అడగమంటోంది కాబట్టి అడిగింది. "ఎందుకాలస్యమైంది?"

పిల్ల మొహం చూస్తే తనేదో తప్పు చేసినట్టు తెలిసింది. ఏంటో మాత్రం తెలియలేదు. బీరువాలో ఎప్పుడూ ఉండే చోట చెయ్యి పెడితే వస్తువు లేనట్టు ఉంది. తువ్వాలు తెచ్చి అందించింది. అందించింది గానీ తల తుడవలేదు.

*

దసరా వెళ్ళాక రెండో విడత. డాక్టరుగారు గోళ్ళన్నీ భూతద్దంలో చూసి, సంతోషించి, మధ్యలో ఆగి, తల్లి వైపు తిరిగారు.

"నూకరత్నం గారూ, మీకెలా ఉంది?"

"బావుందండి. నిద్ర పడుతోంది."

"తుని నించి ఒకావిడ ఇదే వైద్యానికి వచ్చేది. పిల్లాడికి జ్వరమొస్తే మాత్ర టైముకి ఇచ్చానండి, కానీ నుదుటి మీద చెయ్యి వెయ్యడం మర్చిపోయాను అంది. మీకూ అలాంటిదేమైనా..."

నూకరత్నం బదులు లోవ చెప్పింది. వాన రోజున జరిగింది చెప్పింది. చీర సంగతి చెప్పింది.

డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ కణాలు ఏం చెయ్యవని అన్నాను మీతో. తెలీదు అనాల్సింది. అవి లోపలి నించి మిమ్మల్ని పిలుస్తూ ఉండేవేమో. పిలుపు లేకపోతే..." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "మీ ఒంట్లోంచి తీసినవాటిలో సగం భద్రంగా చలిలో దాచాం. అది లోవకి వేస్తే గోళ్ళు నిలబడతాయి. వెయ్యకపోతే గరుకు మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు. లేదూ, మీకే తిరిగి ఎక్కించొచ్చు. రెండూ కుదరవు."

"అమ్మకే ఇచ్చెయ్యండి" అంది లోవ. "గోళ్ళు వాటంతటవే తగ్గుతాయని మీరే అన్నారు కదా."

నూకరత్నం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇందులో అంత ఆలోచించేదేముందో ఆమెకి అంతుపట్టలేదు. "అవి దానివేనన్నారు కదండీ? దానిది దానికిచ్చెయ్యండి. కుట్టమని ఇచ్చిన చీర మన బీరువాలో దాచుకుంటామా?"

"అమ్మా, నీకు కావాలని చెప్పు." లోవ తల్లి మోకాళ్ళ దగ్గర కూలబడింది. "ఒక్కసారి చెప్పు, చాలు."

"నాకేం లోటు లేదే" అంది నూకరత్నం. అబద్ధం కాదు. లోటేదో తెలిస్తే కదా చెప్పడానికి.

లోవ లేచి, కళ్ళు తుడుచుకుని, డాక్టరుగారి ముందు రెండు చేతులూ చాపింది.

ఆ రోజు నించి పిల్ల తల్లితో మాట్లాడ్డం మానేసింది. కంచం పెడితే తింటుంది. పిలిస్తే వస్తుంది. వెళ్ళొస్తానని చక్రరావుకి చెబుతుంది. అతను ఇద్దరి మధ్యా నిలబడి, "సిగ్నల్ లేని స్టేషన్లా ఉంది ఇల్లు" అని నవ్వబోయాడు.

నూకరత్నం కుట్టుకుంటూ ఆ మౌనాన్ని గమనిస్తూనే ఉంది. భయం లేదు. కానీ భయం లేనిచోట ఏదో ఒకటి మిగిలుందని మెల్లగా తెలుస్తోంది. పిల్ల లేచి వెళ్ళిన పీట కాసేపు అలాగే చూడాలనిపించేది. దాని తడి జడ వాసన గదిలో ఉండగా పని చేసుకోవాలనిపించేది. అది ఎవరూ తలుపు తట్టి అడిగింది కాదు.

*

కార్తీకమాసం. చక్రరావు డ్యూటీకి వెళ్ళిపోయాడు. దీపాలవేళ నూకరత్నం ప్రమిద వెలిగించి, గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని వీధి గుమ్మం దగ్గరికి వచ్చింది.

గుమ్మంలో లోవ కూర్చుని ఉంది. సరిగ్గా గడప మీద, కాళ్ళు మెట్ల మీదకి చాపుకుని. చేతిలో నెయిల్ కట్టర్.

టిక్.

గోళ్ళ చివర సన్నటి ఎర్రటి అంచు మాత్రం మిగిలింది. ఆషాఢంలో పండిన గోరింటాకు, దానితోపాటే పాత గరుకు. అది ఒక్కొక్కటే తెగి గడప మీద పడుతోంది. కింద గోళ్ళు దీపం వెలుగులో మెరుస్తున్నాయి.

టిక్. టిక్.

నూకరత్నం ప్రమిద పట్టుకుని నిలబడింది. లోవ తలెత్తలేదు. ఇంకో వేలు అయింది. ఇంకోటి. తర్వాత కట్టర్ గోటి మీద ఉంచి ఆపేసింది.

"అమ్మా." దసరా తర్వాత అదే మొదటి మాట. "ఇవాళ శుక్రవారం."

అంతే అంది. అని, ఎదురు చూసింది.

నూకరత్నం లోపలికి వెతుక్కుంది. ఇదివరకైతే ఆ మాట వెతక్కుండానే వచ్చేది, ఎక్కిళ్ళలా. ఇప్పుడు ఆ చోట చడీచప్పుడూ లేదు. లక్ష్మి వెళ్ళిపోతుందా? ఏమో, వెళ్ళదు. గోళ్ళు తీస్తే ఏమవుతుంది? ఏమీ అవదు. రేపు మామూలుగానే తెల్లారుతుంది. అదంతా ఆమెకి స్పష్టంగా తెలుసు.

స్టేషన్ వైపు గూడ్సు బండి ఒకటి పెట్టె పెట్టెగా సాగిపోతోంది. లోవ వీపు చూస్తే తెలుస్తోంది, ఊపిరి బిగబట్టింది. మెడ వెనక జడ పాయ ఊడి ఉంది.

ఈ పిల్ల గోళ్ళు తీసుకోవడానికి ఇక్కడ కూచోలేదు.

ఆ ఆలోచన ఎవరూ పిలవకుండా వచ్చింది. నూకరత్నం దాన్ని పట్టుకుంది. ఫాల్ ఊడిపోయిన చీరకి మళ్ళీ కుట్టు వెయ్యాలంటే పాత చిల్లులు కనపడతాయి. మిషన్ పడదు అక్కడ. చేత్తోనే, ఒక్కో కుట్టూ చూసుకుంటూ వెయ్యాలి. అలా, మొదటి మాటకోసం చూసుకుంది. రెండోది. ఏ మాట గట్టిగా నొక్కి అనాలో గుర్తు చేసుకుంది. గూడ్సు బండి దాటిపోయింది. చప్పుడు కూడా దూరమైంది. వీధిలో ఎవరో అరుగు మీద దీపం పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఆమె వంగి ప్రమిదని గడప పక్కన పెట్టింది. ఊడిన జడ పాయ తీసి పిల్ల చెవి వెనక్కి దోపింది.

"శుక్రవారం పూట దీపాలవేళ గుమ్మంలో కూచుని గోళ్ళేంటే, బుద్ధుందా?" అంది. "లెగు. లెగు తల్లీ, లోపలికి రా."